మైకు సౌండ్ ఎటు పోతోంది? చేతిలో ఉన్న ఫోన్‌తోనే కొలిచి చూడొచ్చు

జుమా ఖుత్బా మొదటి సఫ్‌లో ఉన్నవాళ్లకు ఖంగుమని వినిపిస్తుంది. పదో సఫ్‌కు వచ్చేసరికి శబ్దం ఉంటుంది గానీ మాట తెలియదు. వాల్యూమ్ పెంచితే మైకు కీచుమని కూత పెడుతుంది. తగ్గిస్తే వెనకవాళ్లు మళ్లీ చెవి ఒగ్గి కూర్చోవాలి. ఇటు హాల్లో ఉన్న పెద్దాయనకు ఒక్క మాటా అందదు, అటు సందు అవతలి ఇంట్లో జ్వరంతో పడుకున్న మనిషికి అంతా వినిపిస్తూనే ఉంటుంది. షాదీఖానాల్లో, జల్సాల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో కూడా ఇదే తంతు.

చాలా కమిటీలకు తోచే పరిష్కారం ఒక్కటే. ఇంకో స్పీకర్ కొనడం, లేదంటే ఇంకా పెద్ద యాంప్లిఫయర్ తేవడం. చందాలు పోగవుతాయి, డబ్బు ఖర్చవుతుంది, సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చాలాచోట్ల అసలు లోపం దిశలో ఉంటుంది. ఉన్న స్పీకర్ ఎటు చూస్తోంది, ఉన్న మైకు ఎటునుంచి వింటోంది అన్నది ఎవరూ కొలవరు. ఆ కొలతకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. రెండు స్మార్ట్‌ఫోన్లు, ఒక సుద్దముక్క, ఒక టేపు, ఓ పూట ఓపిక ఉంటే చాలు.

శబ్దానికీ ఒక ఆకారం ఉంటుంది

బల్బు వెలుగు గదంతా పరుచుకుంటుంది. టార్చి వెలుగు ఒకవైపే పోతుంది. స్పీకర్ ఈ రెండు పనులూ చేస్తుంది. బొంగురు స్వరాలను బల్బులా అన్నివైపులా చల్లుతుంది, సన్నటి స్వరాలను టార్చిలా ముందుకే పంపుతుంది.

కారణం అలల పొడవు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఈ లెక్కన 100 హెర్ట్జ్ బొంగురు శబ్దం అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. 1000 హెర్ట్జ్ దగ్గర 34 సెంటీమీటర్లు. 4000 హెర్ట్జ్ దగ్గర 8.5 సెంటీమీటర్లే. స్పీకర్ కోను కన్నా అల బాగా పొడవుగా ఉంటే ఆ శబ్దం స్పీకర్ చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతుంది. అల పొట్టిదైతే సూటిగా ముందుకే వెళ్తుంది. 12 అంగుళాల కోను అంటే 30 సెంటీమీటర్లు. అందుకే దాదాపు 1000 హెర్ట్జ్ దాటాక అది శబ్దాన్ని ఇరుకు చేయడం మొదలుపెడుతుంది.

ఇది మాటకు సంబంధించిన సంగతి కూడా. గొంతులోని బరువు, అచ్చుల సాగతీత కింది స్వరాల్లో ఉంటాయి. మాటను మాటగా విడదీసే హల్లులు ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతంలోనూ, ఆ పైనా ఉంటాయి. సీన్‌కూ షీన్‌కూ తేడా, "కల"కూ "తల"కూ తేడా అక్కడే తెలుస్తుంది. స్పీకర్‌కు పక్కగా కూర్చున్న మనిషికి కింది స్వరాలు అందుతాయి, పై స్వరాలు అందవు. "శబ్దం వస్తోంది, మాట అర్థం కావట్లేదు" అనే ఫిర్యాదుకు ఇదొక ముఖ్య కారణం.

ఏ స్పీకర్ ఎలా చల్లుతుంది

ఫంక్షన్ హాళ్లలో వాడే పెద్ద బాక్సుల్లో కింద కోను, పైన చిన్న హారన్ ఉంటాయి. చాలా బాక్సుల కాగితాల మీద 90 × 60 లాంటి అంకెలు కనిపిస్తాయి. అడ్డంగా 90 డిగ్రీలు, నిలువుగా 60 డిగ్రీల మేర శబ్దం బాగా అందుతుందని దానర్థం. ఆ అంచు దగ్గరికి వచ్చేసరికి శబ్దం ఎదురుగా ఉన్నదానికన్నా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంచు దాటితే ఇంకా పడిపోతుంది.

మసీదుల్లో ఎక్కువగా కనిపించేది కాలమ్ స్పీకర్. పొడుగాటి డబ్బాలో నాలుగైదు చిన్న కోనులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దీన్ని నిలువుగా బిగిస్తే శబ్దం అడ్డంగా వెడల్పుగా పరుచుకుంటుంది, పైకీ కిందికీ తక్కువగా పోతుంది. అంటే సీలింగ్‌కు, నేలకు వృథాగా పోకుండా మనుషులకు చేరుతుంది. చూడ్డానికి బాగుంటుందనో, స్తంభానికి చోటు లేదనో ఇదే కాలమ్‌ను అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తే లెక్క తారుమారవుతుంది. శబ్దం అడ్డంగా ఇరుకై, సీలింగ్‌కూ నేలకూ కొట్టుకుంటుంది.

మినార్ మీద కనిపించే బాకా స్పీకర్ బాగా ముందుకే పంపే రకం. తక్కువ కరెంటుతో దూరం పోయేది ఇదే. అందుకే దాని మూతి కొద్దిగా తిప్పినా ఎదుటి ఇంటి దగ్గర తేడా పెద్దగా ఉంటుంది.

ఫోన్ అంకెను నమ్మొచ్చా?

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి చూస్తే ఒకరి ఫోన్ 78 చూపిస్తే ఇంకొకరిది 85 చూపించొచ్చు. ఒక్కో కంపెనీ ఫోన్‌లో మైకు ఒక్కోలా ఉంటుంది. కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఉచితంగా ఇచ్చే సౌండ్ మీటర్ యాప్‌ను ఐఫోన్‌కే తయారు చేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లు రకరకాలుగా ఉండటమే దీనికి కారణం.

అయితే దిశను కొలవడానికి అసలు అంకె సరిగ్గా ఉండాల్సిన పని లేదు. కావాల్సింది తేడా. ఎదురుగా 86 వచ్చి పక్కన 77 వస్తే తేడా 9. ఆ ఫోన్ ప్రతిసారీ 5 ఎక్కువే చూపిస్తున్నా తేడా 9 గానే ఉంటుంది. తూకం రాయి కొంచెం తక్కువైనా, రెండు బస్తాల్లో ఏది ఎన్ని రెట్లు బరువో తెలుస్తుంది కదా, అలాగే.

ఒక్క షరతు ఉంది. ఫోన్ తనంతట తాను శబ్దాన్ని సర్దకూడదు. కాల్ మాట్లాడేటప్పుడు ఫోన్ చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. కొన్ని యాప్‌లలో కూడా ఈ సర్దుబాటు నడుస్తూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆరుబయట స్పీకర్‌కు 2 మీటర్ల దూరంలో ఒకసారి, 4 మీటర్ల దూరంలో ఒకసారి కొలవండి. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గాలి. 5 నుంచి 7 మధ్య తేడా వస్తే ఆ ఫోన్, ఆ యాప్ పనికొస్తాయి. ఒకటో రెండో మాత్రమే తగ్గితే యాప్ మార్చండి.

జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ పనిచేస్తుంది. శబ్ద స్థాయి కొలవడం, ఒక స్వరాన్ని పుట్టించడం, ఏ స్వరం ఎంతుందో గ్రాఫ్‌లో చూపించడం అన్నీ అందులో ఉన్నాయి. సైన్సు చదివే పిల్లలకు కూడా బాగా ఉపయోగపడుతుంది.

స్పీకర్‌ను కొలిచే పద్ధతి

ఈద్గాహ్ లాంటి ఖాళీ స్థలం అయితే మంచిది. గోడలు కనీసం ఐదారు మీటర్ల దూరంలో ఉండాలి. గాలి, ట్రాఫిక్ తక్కువగా ఉండే పొద్దుటి పూట ఎంచుకోండి. ఇళ్లకు దూరంగా, జనం లేచాకే చేయండి. నేల తడిగా ఉంటే కరెంటు వైర్లతో జాగ్రత్త.

మొదట నేల మీద సుద్దతో ఒక వృత్తం గీసి, గడియారంలో అంకెల్లా 12 గుర్తులు పెట్టండి. ఒక్కో గుర్తుకు 30 డిగ్రీలు. వృత్తం మధ్యలో స్టూలు వేసి దాని మీద స్పీకర్ పెట్టండి. కోణం కోసం ఫోన్‌లోని దిక్సూచిని నమ్ముకోకండి. స్పీకర్‌లో పెద్ద అయస్కాంతం ఉంటుంది కాబట్టి దాని దగ్గర దిక్సూచి తప్పు చూపిస్తుంది. సుద్ద గుర్తులే నయం.

కొలిచే ఫోన్‌ను 2 మీటర్ల దూరంలో, స్పీకర్ మధ్యభాగం ఉన్న ఎత్తులోనే స్టాండ్‌కు బిగించండి. కాలమ్ స్పీకర్ అయితే 4 మీటర్లు ఉండాలి. ఫోన్ మైకు సాధారణంగా కింద, ఛార్జింగ్ పెట్టే చోటు పక్కన చిన్న చిల్లులా ఉంటుంది. ఆ అంచు స్పీకర్ వైపు ఉండాలి. కవరు తీసేయండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోవద్దు. చేయి, ఒళ్లు రెండూ శబ్దాన్ని అడ్డుకుంటాయి. గాలి వీస్తుంటే మైకు చిల్లు మీద పల్చటి స్పాంజి ముక్క ఉంచండి.

రెండో ఫోన్‌ను యాంప్లిఫయర్‌కు వైరుతో కలిపి పింక్ నాయిస్ వేయండి. జోరువాన కురుస్తున్నట్టుండే ఈ శబ్దంలో అన్ని స్వరాలూ ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బేస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో పెట్టండి. శబ్దం చుట్టుపక్కల గోల కన్నా కనీసం 10 డెసిబెల్స్ ఎక్కువగా ఉండాలి, లేకపోతే ఆ గోల కూడా కొలతలో కలిసిపోతుంది. ఒకసారి వాల్యూమ్ పెట్టాక పని పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దు.

ఇక స్పీకర్ మూతిని ఫోన్ వైపు పెట్టి అర నిమిషం సగటు రాసుకోండి. తర్వాత స్పీకర్‌ను ఒక్కో గుర్తుకు తిప్పుతూ 12 సార్లు రాయండి. ఫోన్ కదలకూడదు, స్పీకరే తిరగాలి. అప్పుడే నేల నుంచి, చుట్టుపక్కల నుంచి తిరిగొచ్చే శబ్దం అన్ని కొలతల్లో దాదాపు ఒకేలా ఉంటుంది.

లెక్క కట్టడం సులువు. ఎదురుగా వచ్చిన అంకెను సున్నా అనుకుని మిగతావాటిని దాని నుంచి తీసేయాలి. ఉదాహరణకు ఎదురుగా 86, 30 డిగ్రీల దగ్గర 85, 60 దగ్గర 81, 90 దగ్గర 77, వెనక 70 వచ్చాయనుకుందాం. తగ్గుదల వరుసగా 0, 1, 5, 9, 16. కాగితం మీద వృత్తం గీసి ఈ తగ్గుదలను చుక్కలుగా పెట్టి కలిపితే ఆ స్పీకర్ శబ్దం ఆకారం కళ్లముందు ఉంటుంది. 6 డెసిబెల్స్ తగ్గిన చోటే దాని సరిహద్దు. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సుమారు సగమైనట్టు అనిపిస్తుంది.

తర్వాత ఇదే కొలతను 500 హెర్ట్జ్ స్వరంతో ఒకసారి, 4000 హెర్ట్జ్ స్వరంతో ఒకసారి చేయండి. రెండు ఆకారాలు పక్కపక్కన పెట్టి చూస్తే బల్బు ఏదో, టార్చి ఏదో తెలిసిపోతుంది. మాట స్పష్టత కోసం నమ్మాల్సింది 4000 బొమ్మను. స్పీకర్‌ను పక్కకు పడుకోబెట్టి మళ్లీ తిప్పితే నిలువు ఆకారం కూడా దొరుకుతుంది. ఏ ఎత్తున బిగించాలి, ఎంత కిందికి వంచాలి అన్నది దాన్నిబట్టి తేలుతుంది.

మైకుకూ ముందూ వెనకా ఉంటాయి

స్పీకర్ ఎటు పంపుతుందో చూశాం. మైకు ఎటునుంచి వింటుందో చూడ్డానికి అదే పనిని తిరగేసి చేయాలి. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను ఒకచోట కదలకుండా పెట్టి పింక్ నాయిస్ వేయండి. ఒక మీటరు దూరంలో మైకును స్టాండ్ మీద ఉంచి, దాన్ని గుర్తుల ప్రకారం తిప్పండి. ఫోన్‌కు నేరుగా తగిలించే కాలర్ మైకు అయితే యాప్‌లోనే అంకె కనిపిస్తుంది. స్టాండ్ మైకు అయితే మిక్సర్ యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పోల్చండి. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ హాలు స్పీకర్లు ఆపేయాలి.

వేదికల మీద వాడే చేతి మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. దాని ఆకారం గుండె బొమ్మలా ఉంటుంది. ఎదురుగా పూర్తిగా వింటుంది, పక్కన 90 డిగ్రీల దగ్గర 6 డెసిబెల్స్ తక్కువ వింటుంది, సరిగ్గా వెనక అతి తక్కువ వింటుంది. సూపర్ కార్డియాయిడ్ రకానికి చెవుడు సరిగ్గా వెనక ఉండదు. సుమారు 126 డిగ్రీల దగ్గర, అంటే రెండు పక్కల కాస్త వెనగ్గా ఉంటుంది. కాలర్ మైకులు చాలావరకు అన్నివైపులా ఒకేలా వినే ఓమ్నీ రకం.

ఒకే ఒక్క డయాఫ్రంతో ఒకవైపే వినే మైకును అమెరికాలోని షూర్ కంపెనీ ఇంజినీరు బెంజమిన్ బావర్ తయారు చేశారు. అది 1939లో మార్కెట్లోకి వచ్చింది. అందులోని కిటుకు ఇప్పటికీ చేతి మైకుల్లో ఉంది. జాలీ కింద వెనకవైపు చిన్న చీలికలు ఉంటాయి. వెనక నుంచి వచ్చే శబ్దం ఆ చీలికల గుండా కూడా లోపలికి వచ్చి తనను తానే రద్దు చేసుకుంటుంది.

నాత్ చదివే పిల్లలు, వక్తలు కొందరు మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. అప్పుడు ఆ చీలికలు మూసుకుపోతాయి. మైకు అన్నివైపులా వినడం మొదలుపెడుతుంది, స్పీకర్ శబ్దం మళ్లీ అందులోకి దూరుతుంది, కూత మొదలవుతుంది. పిడి దగ్గర పట్టుకోమని చెబితే చాలాసార్లు సగం గొడవ తీరిపోతుంది. కూత రాగానే మైకును చేత్తో మూసేయడం మంటను ఆర్పాలని నూనె పోసినట్టే.

హాల్లో ఏం మార్చాలి?

ఆకారాలు చేతికొచ్చాక హాల్లో పని మొదలవుతుంది. పింక్ నాయిస్ వేసి, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఫోన్ పట్టుకుని ప్రతి సఫ్‌లో రెండేసి మీటర్లకు ఒక అంకె రాయండి. ముందు సఫ్‌కూ వెనక సఫ్‌కూ తేడా 6 డెసిబెల్స్ లోపు ఉంటే ఏర్పాటు బాగున్నట్టే. 10 దాటితే స్పీకర్ దిశ మార్చాలి.

ఎత్తున బిగించిన స్పీకర్ నేరుగా ఎదుటి గోడను చూస్తుంటే శబ్దం తలల మీదుగా పోయి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. దాన్ని కిందికి వంచి వెనక సఫ్‌ల వైపు గురిపెట్టండి. దూరంగా ఉన్నవాళ్లు దాని ఎదురుగా ఉండాలి, దగ్గరున్నవాళ్లు అంచులో ఉండాలి. అప్పుడు దూరం వల్ల తగ్గేదీ దిశ వల్ల తగ్గేదీ సరిపోతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్బుల్ నేల, సిమెంటు గోడలున్న హాల్లో ప్రతిధ్వని వల్ల వెనక కూడా అంకె పెద్దగానే రావచ్చు. అంకె బాగున్నా మాట కలగాపులగంగా ఉంటుంది. కాబట్టి మాటల పరీక్ష కూడా పెట్టండి. కల, తల, వల, అల లాంటి 20 మాటలను ఒకరు మైకులో తాపీగా చదవాలి. వెనక కూర్చున్నవాళ్లు విన్నది రాయాలి. ఎన్ని తప్పులు పోయాయో లెక్కపెట్టి, స్పీకర్ వంపు మార్చి, మాటల వరుస కూడా మార్చి మళ్లీ చేయండి. శబ్దం మనుషుల మీద, తివాచీ మీద పడితే అక్కడే ఇంకిపోతుంది. గోడల మీద పడితే తిరిగొస్తుంది. ఆ తేడా ఈ పరీక్షలో తెలుస్తుంది.

పొడవైన హాలులో వెనక వేరే స్పీకర్లు పెట్టినా ఒక లెక్క చూసుకోవాలి. 17 మీటర్లు దాటడానికి శబ్దానికి సుమారు 50 మిల్లీ సెకన్లు పడుతుంది. అంతకుమించిన దూరంలో ముందు స్పీకర్ మాట, వెనక స్పీకర్ మాట రెండుసార్లుగా వినిపిస్తాయి. అలాంటిచోట వెనక స్పీకర్‌కు ఆలస్యం కలిపే పరికరం కావాలి.

ఆడవాళ్లు కూర్చునే గదిని మర్చిపోవద్దు. మసీదులో అయినా ఫంక్షన్ హాలులో అయినా అది వేరుగానో, పై అంతస్తులోనో ఉంటుంది. మూలన ఒక చిన్న స్పీకర్ ఉంటుంది. సౌండ్ చూసుకునే మగవాళ్లు ఎప్పుడూ అక్కడ కూర్చోరు కాబట్టి అక్కడ ఏం వినిపిస్తుందో వాళ్లకు తెలియదు. ఆ గదిలోనూ అవే కొలతలు, అదే మాటల పరీక్ష జరగాలి. రాసేది ఆ గదిలో కూర్చునే ఆడవాళ్లే అయితే ఇంకా మంచిది.

నమాజులో స్టాండ్ మైకు వాడితే ఇమామ్ సాబ్ రుకూలోకి, సజ్దాలోకి వెళ్లగానే గొంతు తగ్గిపోతుంది. మూతి మైకు ఎదుట నుంచి తప్పుకోవడం, దూరం పెరగడం రెండూ జరుగుతాయి. కాలర్ మైకు మనిషితోపాటే కదులుతుంది కాబట్టి తేడా తక్కువ. కానీ అది అన్నివైపులా వింటుంది, అందుకే స్పీకర్లు ఇమామ్ సాబ్ నిలబడే చోటుకు ముందుగా, సఫ్‌ల వైపు చూస్తూ ఉండాలి.

గోడ అవతల సంగతి

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. ఆసుపత్రులు, విద్యా సంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు ఉండే నిశ్శబ్ద ప్రాంతాల్లో 50, 40. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి. బహిరంగ స్థలంలో స్పీకర్ వాడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితి కన్నా 10 డెసిబెల్స్‌కు మించి ఎక్కువ ఉండకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ 75 దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళలో మూసి ఉన్న హాళ్ల లోపల తప్ప లౌడ్‌స్పీకర్ వాడకూడదని నిబంధన. 2005 జులై 18న సుప్రీంకోర్టు తీర్పు కూడా ఈ రాత్రి ఆంక్షను బలపరిచింది. మసీదు, గుడి, చర్చి, పెళ్లి బరాత్, రాజకీయ సభ, అన్నింటికీ ఇదే వర్తిస్తుంది.

ఫోన్ అంకె చట్టపరంగా సాక్ష్యం కాదు. ధ్రువీకరించిన మీటర్‌తో తీసిందే లెక్క. కానీ నోటీసు రాకముందే, పక్కింటివాళ్లు మొహమాటంతో ఊరుకుంటున్నప్పుడే జాగ్రత్తపడటానికి ఫోన్ సరిపోతుంది. సరిహద్దు గోడ దగ్గర, ఎదుటి ఇంటి గుమ్మం దగ్గర వాళ్ల అనుమతితో కొలిచి చూడండి. బాకా మూతిని కొద్దికొద్దిగా పక్కకో, కిందికో తిప్పి మళ్లీ కొలవండి. లోపలి వాల్యూమ్ ముట్టుకోకుండానే బయట ఎంత తగ్గుతుందో అంకెల్లో కనిపిస్తుంది.

చెవుల సంగతి కూడా చూసుకోవాలి. వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. డీజే బాక్సుల ముందు గంతులేసే పిల్లలకు ఈ లెక్క నిమిషాల్లోకి వచ్చేస్తుంది.

రమజాన్‌లో తరావీహ్‌కు జనం పెరుగుతారు, అప్పుడు హడావిడిగా వైర్లు లాగడం కన్నా ఒక నెల ముందే ఈ పని పెట్టుకోవడం మేలు. మొహల్లాలో ఇంటర్, ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటారు, వాళ్లకు అప్పగించండి. ఏ స్పీకర్ ఎంత ఎత్తున, ఎంత వంపులో ఉంది, ఏ సఫ్‌లో ఎంత వచ్చింది, మాటల పరీక్షలో ఎన్ని తప్పులు అన్నవి కమిటీ రిజిస్టర్‌లో తేదీ వేసి రాయించండి. ఈసారి ఎవరైనా కొత్త స్పీకర్ కొందామంటే, ముందు ఆ పేజీ తెరిచి చూడొచ్చు.